పిల్లోళ్లు రెండ్రూపాయలకు కంపెనీ మారతాండారు, పోటీ కంపెనీ నన్నూ పిలుస్తాంది, ఏం చేయాల?

ప్రశ్న: సార్, నాది అనంతపురం. వయసు 52. ఒక కొరియర్ ఫ్రాంచైజీలో వ్యాన్ డ్రైవర్ని, 22 ఏండ్లుగా ఇదే ఆఫీసు. నెల జీతం. నాతో పాటు ఆరుగురు పిల్లోళ్లు బైకుల మీద డెలివరీ చేస్తారు, వాళ్లకు పార్సిల్ లెక్కన ఇస్తారు. పొద్దున సార్టింగ్ అయిపోయినాక టీ బంకు కాడ చేరి ఏ కంపెనీ ఎంత ఇస్తాంది, ఎవరు బోనస్ పెంచినారు, ఇదే మాట. రెండు రూపాయలు ఎక్కువంటే చాలు, చెప్పకుండా పోతాండారు. పోయిన దసరా సేల్ టైంలో ఒకడు అట్లనే పోయినాడు, వాని లోడంతా నా నెత్తిన పడింది. ఇంగొకన్ని మందలిస్తే నలుగురి ముందర "మామా, నువ్వు ఇన్నేండ్లు ఒకే కాడ ఉండి ఏం సంపాదించినావో చెప్పు" అన్నాడు. ఆ మాట ఇంకా మనసులో తిరుగుతానే ఉంది. దానికి తోడు నా కొడుకు డిగ్రీ అయినాక మా పోటీ కంపెనీలోనే రైడర్‌గా చేరినాడు, ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు ఆ కంపెనీ వాళ్లే నన్ను కూడా రమ్మంటాండారు. ఈ కాలం పిల్లోళ్లకు పనంటే భక్తి ల్యాక పోయిందా? నేను కూడా మారిపోవాల్నా?
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: అన్నా, ముందు ఆ పిల్లోడి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరమంతా దాని చుట్టే తిరుగుతోంది. అన్న తీరు తప్పు, పెద్దాయన్ని పట్టుకుని నలుగురిలో అట్లా అనకూడదు, అందులో నేను పూర్తిగా మీ పక్కే. కానీ వాడు అడిగిన ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు. దానికి సమాధానం మీ దగ్గర ఉండాల, వాడికోసం కాదు, మీకోసం. చాలామంది మన వయసు వాళ్లకు ఆ లెక్క తెలీదు, తెలుసుకోవాలని అనుకోరు కూడా, నెలకు చేతికి ఎంత వస్తోందో అంతవరకే చూస్తారు. ఆ లెక్క కిందకొచ్చి రాస్తా.

భక్తి ల్యాక పోయిందా అని అడిగినారు గదా. నాకట్లా అనిపించడం లేదు. మీరు చేరిన పని వేరే, వాళ్లు చేరిన పని వేరే, పైన బోర్డు ఒకటే కాబట్టి ఒకే పని అనిపిస్తోంది అంతే. మీరు చేరిన రోజుల్లో కొరియర్ అంటే ఎక్కువ భాగం కవర్లు, చెక్‌బుక్కులు, ఎల్‌ఐసీ కాయితాలు, ఇంటర్వ్యూ కాల్ లెటర్లు, రాఖీల టైంలో రొంత ఎక్కువ సంచులు. దేశంలో పెద్ద పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, 1983లో పెట్టిన బ్లూ డార్ట్, 1987లో వచ్చిన ప్రొఫెషనల్, 1990లో మొదలైన డీటీడీసీ, బరువు సరుకైతే నవతా, వీఆర్‌ఎల్ లారీ ఆఫీసులు, ప్రభుత్వానిదైతే 1986 నుంచి స్పీడ్ పోస్ట్. మనిషిని పెట్టుకుంటే నెల జీతానికి పెట్టుకునేవాళ్లు, ఆ మనిషి వీధులు నేర్చుకుంటే ఆఫీసుకు లాభం కాబట్టి వదులుకునేవాళ్లు కాదు. ఆ తర్వాత 2007లో ఫ్లిప్‌కార్ట్, 2009లో వాళ్లదే ఈకార్ట్, 2011లో డెల్హివరీ, 2013లో ఇండియాకు అమెజాన్, 2015లో ఎక్స్‌ప్రెస్‌బీస్, షాడోఫ్యాక్స్, ఇట్లా ఒకదాని వెనక ఒకటి వచ్చి కవర్ల పని కాస్తా చీరలు, చెప్పులు, ఫోన్ల పని అయిపోయింది, జీతం పోయి పార్సిల్‌కింత అని రేటు వచ్చింది. మీ ఆరుగురు పిల్లోళ్లు ఈ రెండో పనిలో చేరినారు. వాళ్లకు ఎవ్వరూ 'ఉండు నాయనా, నీ వయసైపోయేదాకా చూసుకుంటాం' అని చెప్పలేదు. పొద్దున వస్తే పని, రాకపోతే లేదు, డోర్ లాక్ అయితే ఆ పార్సిల్‌కు రూపాయి రాదు. రేటు కోసం పెట్టుకున్నోడు రేటు చూసుకునే పోతాడన్నా, అందులో వాడి గుణం చెడిపోయింది ఏమీ లేదు.

ఇంకోటి చూడండి. భక్తిగా ఉండాల అంటే ఎవరికి ఉండాల? కంపెనీలే నిలకడగా లేవు కదా. బ్లూ డార్ట్‌లో ఎక్కువ వాటా డీహెచ్‌ఎల్ చేతికి పోయి ఇరవై ఏండ్లయింది. మొన్న 2025లో ఈకామ్ ఎక్స్‌ప్రెస్‌ను డెల్హివరీ కొనేసింది, దాదాపు 1,400 కోట్లకు, నిన్నటిదాకా టీ బంకు కాడ ఒకరినొకరు పోటీ అనుకున్న రైడర్లు ఒకే గొడుగు కిందికి వచ్చినారు. అంతెందుకు, రిజిస్టర్డ్ పోస్ట్ అంటే మన ఇండ్లల్లో ఎంత నమ్మకం, దాన్ని కూడా 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిపేసినారు. పైన ఇట్లా మారిపోతుంటే కింద 23 ఏండ్ల పిల్లోడు ఒక్కడే కదలకుండా నిలబడాల అంటే వాడికి ఎక్కదు. ఊర్లో వాడి ముందర ఉన్న దారులు కూడా చూడాల. పెనుకొండ దగ్గర కియా 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టినాక మన జిల్లా పిల్లోళ్లకు ఫ్యాక్టరీ పని, షిఫ్టు, యూనిఫాం, క్యాంటీన్ అంటే ఏందో కళ్ల ముందర కనిపించింది. బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు, రాత్రి బస్సెక్కితే పొద్దునకు అక్కడ. మీ ఆఫీసుతో పోటీ పడేది పక్క వీధి కొరియర్ ఒక్కటే కాదు.

అయితే పిల్లోళ్ల లెక్క మొత్తం కరెక్టని నేను అనడం లేదు, ఇక్కడే మీరు వాళ్లకు పనికొస్తారు. వాళ్లు చూసేది రేటు. చూడాల్సింది రేటూ కిలోమీటర్లూ రెండూ. ఉదాహరణకు ఒక ఆఫీసు పార్సిల్‌కు 12 రూపాయలు ఇస్తుంది, కానీ కమలానగర్, రాంనగర్, సాయినగర్ ఇట్లా దగ్గర దగ్గరగా 60 పార్సిళ్లు, మొత్తం తిరిగేది 25 కిలోమీటర్లు అనుకోండి. 720 వస్తుంది, బండి లీటరుకు 45 ఇస్తే పెట్రోలుకు 60 రూపాయల చిల్లర పోతుంది, మిగిలేది 660. ఇంకో ఆఫీసు 15 రూపాయలు ఇస్తానంటుంది, సంబరంగా పోతాడు, తీరా చూస్తే ఇచ్చే ఏరియా బుక్కరాయసముద్రం, రాప్తాడు, మధ్యలో విడి విడి కాలనీలు, 45 పార్సిళ్లకే 60 కిలోమీటర్లు. 675 వస్తుంది, పెట్రోలుకే దాదాపు 150 పోతుంది, చేతిలో 525. మూడు రూపాయలు ఎక్కువ రేటుకు పోయి రోజుకు 135 తక్కువ తెచ్చుకున్నాడు, దీనిమీద టైర్లు, బ్రేక్ షూ, చైన్ సెట్ అరిగేది వేరే. రిటర్న్ పికప్‌లకు డబ్బులు ఇస్తారా, రెండోసారి పోయిన అటెంప్ట్‌కు ఇస్తారా, సీఓడీ (పార్సిల్ ఇచ్చి అక్కడే వసూలు చేసే) డబ్బులు తగ్గితే ఎవరి జేబులోంచి పోతుంది, ఇవేవీ చేరేముందు అడగరు. మీరు ఈ లెక్క కాయితం మీద వేసి చూపించండి, 'పోవద్దు' అనకండి, 'పోయేముందు ఇది అడుగు' అనండి. ఆ ఒక్క మాటతో మందలించే మామ కాస్తా మంచి చెప్పే మామ అవుతాడు, తేడా వాళ్లకే తెలుస్తుంది.

మీ దగ్గర ఇంకో ఆస్తి ఉంది, అది మీకు పనిలో భాగంగా వచ్చింది కాబట్టి మీరు దాన్ని లెక్కలో వేసుకోవడం లేదు. పార్సిల్ మీద అడ్రస్ ఎట్లుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, పేరు, ఒక ఫోన్ నంబరు, 'రుద్రంపేట, పాత వాటర్ ట్యాంక్ వెనక, ఎర్ర గేటు', పిన్‌కోడ్ 515001, అయిపోయింది. కొత్త పిల్లోడు ఫోన్లో మ్యాప్ కొడితే బొట్టు పోయి క్లాక్ టవర్ దగ్గర పడుతుంది, ఎందుకంటే కస్టమర్ ఇంటి లొకేషన్ పెట్టలేదు, యాప్ ఊరి నడుమకు పెట్టేసింది. వాడు మూడుసార్లు ఫోన్ చేస్తాడు, ఎత్తరు, 'కస్టమర్ నాట్ అవైలబుల్' కొట్టేసి ముందుకు పోతాడు. అదే పార్సిల్ మీ చేతిలో పడితే పేరు చూడంగానే ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సమ్మ, డ్యూటీలో ఫోన్ ఎత్తదు, రెండు దాటినాక ఇంట్లో ఉంటుంది, లేకపోతే కింద కిరాణా షాపులో ఇవ్వొచ్చు కానీ ఓటీపీ కావాల కాబట్టి ముందే మెసేజ్ పెట్టాల, ఇదంతా మీ తలలో ఉంటుంది. పార్సిల్ వెనక్కి పోతే ఆఫీసుకు రానూ పోనూ ఖర్చు దండగ, రైడర్‌కు ఆ పార్సిల్ డబ్బులు దండగ. మీ తలలో ఉన్నది ఒక్కో పార్సిల్ మీద డబ్బులు మిగిలిస్తోంది, అది ఎవరి ఖాతాలో పడుతోంది? ఓనర్ ఖాతాలో. దాన్ని మీరు జీతంలో అడగాల. డోర్ లాక్ కొట్టిన పార్సిళ్లను ఒక నెలపాటు మీరు సాయంత్రం మళ్లా చూసి ఎన్ని ఇప్పించినారో ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టండి, ఆ నోట్‌బుక్కు పట్టుకుని పోయి మాట్లాడండి. 'ఇన్నేండ్లు చేసినాను' అనే మాటకు ఓనర్ దగ్గర జవాబు ఉంటుంది, రాసిపెట్టిన లెక్కకు ఉండదు.

టీ బంకు కాడ ఏ కంపెనీ గొప్పది అనే వాదన గురించి. అన్నా, ఆ వాదన ఒక్క అనంతపురంలో కాదు, అమెరికాలో బ్రౌన్ కలర్ వ్యాన్ల యూపీఎస్ వాళ్లు కూడా ఫెడెక్స్ వాళ్ల గురించి, అమెజాన్ వాళ్ల గురించి ఇట్లనే మాట్లాడుకుంటారు, కొత్తగా చేరిన పిల్లోళ్లకు పని రాదు అని పాతోళ్లు అంటారు. కానీ అక్కడ అసలు తేడా బండి రంగులో లేదు. యూపీఎస్ డ్రైవర్ నేరుగా కంపెనీ ఉద్యోగి, టీమ్‌స్టర్స్ అనే యూనియన్‌లో మెంబరు. ఫెడెక్స్ గ్రౌండ్ పార్సిళ్లు తిప్పే డ్రైవర్‌కు జీతం ఇచ్చేది మధ్యలో ఉండే కాంట్రాక్టరు. అమెజాన్ 2018 నుంచి డెలివరీ పార్ట్‌నర్లు అని చిన్న చిన్న కంపెనీలు పెట్టించి వాటి కింద డ్రైవర్లను పెట్టుకుంటోంది, వ్యాన్ మీద పేరు అమెజాన్‌ది, జీతం చీటీ మీద పేరు వేరేవాళ్లది. ఒకే వీధిలో ఒకే సైజు డబ్బాలు ఇచ్చే ముగ్గురు మనుషులు, ముగ్గురి చేతిలో మూడు రకాల కాయితాలు. మన దగ్గర కూడా అంతే, కొన్ని ఆఫీసులు సొంత రోల్స్ మీద, కొన్ని ఫ్రాంచైజీ, కొన్ని ఉత్త యాప్. కంపెనీ పేరు చూసి కాదు, మీ జీతం ఎవరు ఇస్తున్నారు, ఏ కాయితం మీద ఇస్తున్నారు అనేది చూసి మంచిదో చెడ్డదో తేల్చుకోవాల.

యూపీఎస్‌లో జరిగింది ఒకటి మీకు తప్పకుండా చెప్పాల, ఎందుకంటే అది అచ్చంగా మీ గొడవే. 1997 ఆగస్టులో అక్కడ లక్షా 85 వేల మంది 15 రోజులు సమ్మె చేసినారు, పార్ట్‌టైమ్‌గా తీసుకుని పూర్తి పని చేయించుకుంటున్నారు, ఫుల్‌టైమ్ ఉద్యోగాలు పెంచండి అని. గెలిచినారు కూడా. తర్వాత 2018 ఒప్పందంలో కంపెనీ కొత్తగా ఒక రెండో రకం డ్రైవర్లను పెట్టింది, బండి అదే, పార్సిళ్లు అవే, జీతం మాత్రం పాతోళ్ల కంటే తక్కువ. అంటే పక్కపక్కన పని చేసే పెద్దోడికీ చిన్నోడికీ వేరే వేరే కాయితం. అట్లా పెడితే ఏమైతుంది, చిన్నోడికి పెద్దోడి మీద కోపం, పెద్దోడికి చిన్నోడి మీద అనుమానం. 2023లో మళ్లా ఒప్పందం టైం వచ్చేసరికి అక్కడ 3 లక్షల 40 వేల మంది, వాళ్ల మొదటి డిమాండ్లలో ఒకటి ఈ రెండో రకం తీసేయమని. నష్టపోతున్నది చిన్నోళ్లు, ఆ డిమాండ్ వెనక నిలబడినవాళ్లలో మంచి జీతం ఉన్న పాతోళ్లు కూడా ఉన్నారు. సమ్మె దాకా పోకుండానే కంపెనీ ఒప్పుకుంది, రెండో రకం రద్దయింది, 86 శాతం పైగా ఓటేసి ఆమోదించినారు. 2024 నుంచి కొనే కొత్త బండ్లకు ఏసీ పెట్టాల అని కూడా అందులోనే రాయించుకున్నారు. మన అనంతపురం ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు రేకు వ్యాన్‌లో కూర్చునే మనిషికి ఆ మాట విలువేందో వేరే చెప్పాల్నా.

ఆరుగురు రైడర్లు, ఒక డ్రైవర్ ఉన్న ఫ్రాంచైజీలో సమ్మె చేయమని నేను చెప్పడం లేదు. మీది నెల జీతం, వాళ్లది రేటు, ఈ తేడానే మీ మధ్య గొడవ, వయసు కాదు, అది గుర్తుపెట్టుకుంటే చాలు. ఓనర్ దగ్గరికి మీరు పోయి 'సేల్ టైంలో పిల్లోళ్లకు పార్సిల్‌కు ఇంత ఎక్కువ ఇవ్వండి, ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలు విరామం ఇచ్చి సాయంత్రం డెలివరీ పెట్టండి, డోర్ లాక్ అటెంప్ట్‌కు ఎంతో కొంత కట్టండి' అని ఒక్కసారి అడిగి చూడండి. మీ మాటకు బరువుంది, పిల్లోళ్ల మాటకు లేదు, వాళ్లు అడిగితే 'ఇష్టముంటే చెయ్యి లేకపోతే పో' అంటారు. మీరు వాళ్లకోసం అడిగినారు అని తెలిసిన రోజు 'ఏం సంపాదించినావు' అనే మాట ఆ నోటి నుంచి మళ్లా రాదు.

అదే సమయంలో మీరు కూడా వాళ్లను గట్టిగా అడగాల్సినవి ఉన్నాయి, అందులో మొహమాటం పెట్టుకోకండి. దసరా సేల్ మధ్యలో చెప్పాపెట్టకుండా పోవడం అన్యాయమే, వాడి పార్సిళ్లు గాల్లో పోవు, పక్కోడి బండి మీదికే వస్తాయి. ఓనర్‌కు చెప్పకపోయినా ఫర్వాలేదు, మీకు వారం ముందు చెప్పాల అని ఆరుగురి దగ్గరా మాట తీసుకోండి, పోయేవాడికి కూడా ఒక లాభం చూపించండి, చివరి రోజు సీఓడీ డబ్బులు లెక్కపెట్టి, రన్ షీట్ (రోజు డెలివరీల పట్టీ) టాలీ చేసి, 'బాకీ ఏమీ లేదు' అని ఓనర్ చేత సంతకం పెట్టించి ఇప్పించే పూచీ మీది అని చెప్పండి. చెప్పకుండా పోయిన పిల్లోళ్లకు చివరి పదిహేను రోజుల డబ్బులు ఆపేసి, తర్వాత రెండు నెలలకు 'నీ దగ్గర క్యాష్ షార్టేజ్ ఉంది' అని ఫోన్లు చేయడం ఈ లైన్‌లో చానా చోట్ల జరిగేదే, నేను పార్సిల్ ఆఫీసులో లెక్కలు రాసిన రోజుల్లో కూడా చూసినా. చెప్పి పోతే వాడి డబ్బులు వాడికి వస్తాయి అని తెలిస్తే చెప్పే పోతాడు.

ఇంగ మీ కొడుకు. పోటీ కంపెనీలో చేరినాడని మాటలు మానేయడం మాత్రం నాకు నచ్చలేదన్నా. మీ పని చూసి పెరిగినోడు, మీ పనిలోకే వచ్చినాడు, వేరే ఆఫీసులోనే కావొచ్చు. డిగ్రీ చదివి ఈ పనికి వచ్చినాడనే బాధ మీలో ఉన్నట్టుంది, ఉత్తరంలో రాయలేదు కానీ అర్థమవుతోంది. ఆ బాధ ఉంటే అదే చెప్పండి, కంపెనీ పేరు మీద పెట్టి అనకండి. వాడి కంపెనీ మంచిదా మీది మంచిదా అనేది పక్కన పెట్టి ఈ రోజే రెండు సంగతులు అడగండి. బండి మీద ఉన్న ఇన్సూరెన్స్ ఏది, రెండోది, డెలివరీలో పడితే కంపెనీ ఆసుపత్రి ఖర్చు ఇస్తుందని ఏ కాయితం మీద ఉంది. సొంతానికి వాడుకునే బండిగా పాలసీ తీసుకుని డెలివరీకి తిప్పుతుంటే డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టొచ్చు, కాబట్టి ముందే ఏజెంట్‌ను రాతపూర్వకంగా అడగాల. వాడి బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో చూడండి, ఏడాదికి 20 రూపాయలే, యాక్సిడెంట్‌లో ప్రాణం పోతే రెండు లక్షలు, 18 నుంచి 70 ఏండ్ల దాకా ఎవరైనా తీసుకోవచ్చు, అది మీరూ తీసుకోవాల. జీవన్ జ్యోతి అనే జీవిత బీమా ఏడాదికి 436, అది 50 ఏండ్ల లోపలే చేరాల కాబట్టి మీకు ఇప్పుడు కుదరదు, వాడికి కుదురుతుంది. రెండూ ఏటా మే చివరకు ఖాతాలోంచి కట్ అవుతాయి, ఆ టైంలో ఖాతాలో డబ్బులు లేకపోతే పాలసీ పోతుంది, చానామంది పిల్లోళ్లకు అక్కడే తెగిపోతుంది. యాప్ కింద పని చేసేవాడైతే ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికులకు కేంద్రం పెట్టిన పోర్టల్) పేరు నమోదు చేయించండి. సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో గిగ్ వర్కర్, ప్లాట్‌ఫాం వర్కర్ అని ఈ పిల్లోళ్లను మొదటిసారి చట్టంలో గుర్తించినారు, యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వాళ్ల సంక్షేమ నిధికి కట్టాల అని ఉంది. ఆ డబ్బు రేపు పథకాలుగా రావాలంటే పేరు నమోదై ఉండాల. తండ్రీకొడుకులు మాట్లాడుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే సంగతి ఏముంటుంది, ఒక ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జి తింటూ ఆధార్, ఫోన్ ముందర పెట్టుకుని కూర్చుంటే అరగంటలో అయిపోతుంది.

ఇప్పుడు మీకు వచ్చిన పిలుపు గురించి. కోపంలో మారొద్దు, ఆ పిల్లోడికి ఏదో చూపించాలని అసలే మారొద్దు. 22 ఏండ్ల సర్వీసు ఉన్న మనిషి ముందర తన లెక్క తేల్చుకోవాల. మొదట పీఎఫ్. మీ జీతంలో కట్ అవుతోందా, యూఏఎన్ నంబరు (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) ఉందా, పాస్‌బుక్ ఎప్పుడైనా తెరిచి చూసినారా? ఓనర్ కట్ చేసుకుని కట్టకపోయిన కేసులు కూడా ఉంటాయి కాబట్టి చీటీలో కట్ అయింది అని సరిపెట్టుకోకండి, పాస్‌బుక్‌లో నెల నెలా పడినట్టు కనిపించాల. పీఎఫ్‌తో పాటు పెన్షన్ స్కీం ఉంటుంది, పదేండ్ల సర్వీసు దాటితే 58కి పెన్షన్ హక్కు వస్తుంది. లెక్క ఏమంటే, చివరి 60 నెలల సగటు జీతాన్ని (2014 సెప్టెంబర్‌కు ముందు సర్వీసుకు 6,500, ఆ తర్వాత సర్వీసుకు 15 వేలు పరిమితి) సర్వీసు ఏండ్లతో గుణించి 70తో భాగించాల. సగటు 15 వేలు అనుకుంటే మీ 22 ఏండ్లకు నెలకు సుమారు మూడున్నర, నాలుగు వేలు. తక్కువే, కానీ ఆ పిల్లోడి చేతిలో ఇది సున్నా. కంపెనీ మారినా అదే యూఏఎన్ మీద కొనసాగితే ఈ సర్వీసు పోదు, కాబట్టి కొత్త కంపెనీలో పీఎఫ్ ఉందా లేదా అనేదే మీ మొదటి ప్రశ్న కావాల, జీతం ఎంత అనేది తర్వాత.

రెండోది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసు లెక్కన ఓనర్ ఒకేసారి ఇచ్చే డబ్బు. ఐదేండ్లు దాటిన ఉద్యోగికి రాజీనామా చేసి పోయినా ఇవ్వాల్సిందే, చానామంది ఓనర్లు 'నువ్వే మానేసి పోతున్నావు గదా, రాదు' అంటారు, అది తప్పు. ఏడాదికి 15 రోజుల జీతం, రోజు జీతం తీయడానికి నెల జీతాన్ని 26తో భాగిస్తారు. చివరి జీతం 15 వేలైతే 22 ఏండ్లకు లక్షా 90 వేలు. పిల్లోడు అడిగినాడే, ఏం సంపాదించినావు అని, ఇదిగో ఇది. కాకపోతే ఒక మెలిక ఉంది, పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోటికే ఈ చట్టం, పీఎఫ్‌కు 20 మంది. మీది ఫ్రాంచైజీ, ఇప్పుడు లెక్కపెడితే తక్కువే ఉండొచ్చు. కానీ ఎప్పుడైనా ఒకసారి పదిమంది ఉండి చట్టం కిందికి వచ్చినాక, తర్వాత మనుషులు తగ్గిపోయినా గ్రాట్యుటీ వర్తిస్తూనే ఉంటుంది. ఆఫీసులో ఒకప్పుడు బుకింగ్ కౌంటర్ వాళ్లు, సార్టింగ్ వాళ్లు, డెలివరీ వాళ్లు అంతా కలిపి ఎంతమంది ఉండేవాళ్లో గుర్తుచేసుకోండి, పాత హాజరు పట్టీ, దసరాకు అందరూ కలిసి దిగిన ఫోటో ఏదున్నా దాచిపెట్టుకోండి. ఓనర్ కాదంటే జిల్లా లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టొచ్చు.

ఈ రెండు లెక్కలు చేతికి వచ్చినాక ఆ కంపెనీ వాళ్ల దగ్గరికి పోండి. వాళ్లు మిమ్మల్ని ఎందుకు పిలుస్తున్నారో మీకు తెలుసు గదా, వ్యాన్ నడిపేవాళ్లు ఊరంతా దొరుకుతారు, 515001 నుంచి యూనివర్సిటీ దాకా ప్రతి సందూ తెలిసినోడు దొరకడు. కాబట్టి డ్రైవర్ జీతానికి పోవద్దు. కొత్త రైడర్లకు ఏరియా నేర్పేది, రిటర్న్ పార్సిళ్లు తగ్గించేది నా పని, దానికి తగ్గ జీతం, పీఎఫ్, ఆఫర్ లెటర్ మీద కంపెనీ పేరు, ఇవి ఉంటేనే వస్తా అని చెప్పండి. ఆఫర్ లెటర్ మీద వేరే ఏజెన్సీ పేరు ఉంటే, ఆ ఏజెన్సీకి పీఎఫ్ కోడ్ ఉందా అడగండి, లేకపోతే వద్దని వచ్చేయండి. నా మాటైతే, ఇప్పటి ఆఫీసులో పీఎఫ్ సక్రమంగా పడుతూ ఉంటే, ఓనర్ జీతం రొంత పెంచితే, 52లో కదలకుండా ఉండడమే మంచిది. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ మాట ఎత్తితే మొహం తిప్పుకుంటాడు అనుకోండి, అప్పుడు ఇన్నేండ్ల బంధం అని ఆగిపోకండి, రావాల్సింది రాతపూర్వకంగా అడిగి, అందుకున్న తేదీతో సంతకం తీసుకుని పోండి. అట్లా పోతే ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టలేరు, ఆ పిల్లోడితో సహా.

ముందుగా చేయాల్సింది పాస్‌బుక్ చూడడం. మీ ఫోన్లో రాకపోతే మీ కొడుకును అడగండి, వాడికి రెండు నిమిషాల పని. ఓనర్ ఏమన్నాడో మళ్లా రాయండి, దాన్నిబట్టి అర్జీ ఎట్లా రాయాలో చెప్తా. యూఏఎన్ నంబరు, ఆధార్ నంబరు మాత్రం ఎవ్వరికీ పంపొద్దు, నాక్కూడా.